మెరిసే హెడ్డుకు వెల కట్టడం ఎలా?

మీ ఫోనుకు ఒక ఫొటో వస్తుంది. పాత బండి సామాన్లు అమ్మే అన్న ఎవరో పంపాడు. అరచేతిలో ఒక అల్యూమినియం హెడ్డు, ఇన్‌లెట్ బొక్క లోపల కొత్త స్టీలు గిన్నెలా తళతళ. కింద ఒక్క వాక్యం: "పోర్టింగ్ చేసిన హెడ్డు తమ్మీ, ఎక్కిస్తే బండి ఆగదిగ." అడిగే ధర మామూలు పాత హెడ్డుకు రెట్టింపు. మీరు కొడకండ్లలో ఉన్నారు. పని మానుకుని జనగామ వెళ్లి, అక్కడి నుంచి హైదరాబాద్ పుత్లీబౌలి దాకా పోయి, పది దుకాణాలు తిరిగి చూసే తీరిక ఎక్కడిది? ఫొటో చూస్తే మనసు లాగుతుంది. కొంచెం ఆగి అదే ఫొటోను మళ్లీ చూడండి. పోర్టు కనబడుతోంది. సిలిండర్ మీద కూర్చునే అడుగు ముఖం కనబడుతోందా? వాల్వు సీట్లు? ప్లగ్గు మరలు? ఏవీ లేవు. ఆయన ఏది చూపించాడో దానికే మీరు ధర కడుతున్నారు. ఇంజను ఆరోగ్యం తేల్చేవన్నీ ఆ ఫొటో బయటే ఉండిపోయాయి.

అందుకే ఈ అధ్యాయమంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది. వాడిన పోర్టింగ్ హెడ్డు కొనేటప్పుడు ఆ పోర్టింగుకు కట్టాల్సిన ధర సున్నా. అది మామూలు పాత హెడ్డే అనుకోండి. దాని బాగోగులు చూసి, రిపేరు ఖర్చు తీసేసి, మిగిలినదే ఇవ్వండి. అమ్మేవాడు కొలతలు చూపించి, మీ ఇంజనుకు అది నప్పుతుందని తేల్చినప్పుడు ఆ సున్నా సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. ఇది పిసినారి బేరంలా అనిపిస్తోందా? కారణం వినండి.

పోర్టింగ్ అంటే గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే దారినీ, కాలిన పొగ బయటికి పోయే దారినీ చిన్న గ్రైండరుతో అరగదీసి మార్చడం. తెలిసినవాళ్లు చేస్తే పోత పోసినప్పుడు మిగిలిన గడ్డలు, సీటు కింద ఉండే మెట్టు, మానిఫోల్డు కలిసే చోట ఎత్తుపల్లం పోయి గాలి సాఫీగా వెళ్తుంది. ఇందులో అబద్ధమేమీ లేదు, రేసు ఇంజన్లు కట్టేవాళ్లు దశాబ్దాలుగా చేస్తున్న పనే. చిక్కు వేరే చోట ఉంది. దర్జీ చొక్కా కుట్టేటప్పుడు లోపల రెండు వేళ్ల గుడ్డ వదులుతాడు, రేపు ఒళ్లు వస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. పోర్టింగులో అలా మిగిల్చే గుడ్డ ఉండదు, తీసిన లోహం తీసినట్టే. ఆర్గాన్ వెల్డింగుతో నింపొచ్చు గానీ ఆ వేడికి చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తబడుతుంది, ముఖం వంగుతుంది, సీట్లు మళ్లీ కోయించాలి. పైగా ఆ చొక్కా మీ ఒంటికి కుట్టింది కాదు. ఫలానా క్యాము, ఫలానా కార్బురేటరు, ఫలానా సైలెన్సరు ఉన్న ఇంకెవరి ఇంజను కోసమో కోసిన దారి అది. ఆ మూడూ మీ బండికి లేనప్పుడు ఆ దారి వల్ల మీకు ఒరిగేది ఏమిటి?

లెక్క వేసి చూద్దాం. ఇన్‌లెట్ పోర్టు 26 మిల్లీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా ఉందనుకోండి. దాని వైశాల్యం దాదాపు 531 చదరపు మిల్లీమీటర్లు. ఎవరో దాన్ని 29 చేశారు. పెంచింది మూడు మిల్లీమీటర్లే, వైశాల్యం మాత్రం 660కి చేరింది. దాదాపు నాలుగో వంతు పెరుగుదల. ఇంజను అదే వేగంతో తిరుగుతూ అంతే గాలి పీలుస్తుంటే, ఆ దారిలో గాలి వేగం ఐదో వంతు పడిపోతుంది. పొలానికి నీళ్లు పెట్టేవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అదే మోటారు, అదే పైపు, కాల్వను మాత్రం వెడల్పు చేస్తే నీళ్లు ఎక్కువ రావు, మెల్లగా పారతాయి. ఇంజను తక్కువ వేగంలో తిరుగుతున్నప్పుడు గాలి ఇలా మందగిస్తే పెట్రోలు సరిగ్గా కలవదు, సిలిండర్ నిండదు, కింది గేర్లలో లాగుడు తగ్గుతుంది. ఇంజను అరిచే వేగంలో లాభం కనబడొచ్చు. మరి మీ బండి రోజుకు ఎంతసేపు అరుస్తుంది? కొడకండ్ల నుంచి పాలకుర్తికో తొర్రూరుకో తిరుమలగిరికో పోయే దారిలో, వెనక 45 కిలోల యూరియా బస్తా కట్టుకుని, రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట పక్కకు తిప్పుకుంటూ, ఊరూరా స్పీడు బ్రేకర్లు ఎక్కిదిగే బండికి కావలసింది కింది లాగుడు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకు మీద గెలిచిన హెడ్డు ఈ దారిలో చతికిలబడొచ్చు. అందులో హెడ్డు తప్పేమీ లేదు.

ఆర్ఎక్స్ 100 వాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి. 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన ఈ 98 సీసీ బండి మీద మోజు ఇంకా తగ్గలేదు, పోర్టింగ్ కబుర్లూ దాని చుట్టూ ఎక్కువే. అది టూ స్ట్రోకు. దాని హెడ్డులో ఇన్‌లెట్ వాల్వు, ఎగ్జాస్ట్ వాల్వు ఉండవు, అది ఉత్త మూత. పోర్టులన్నీ బోరు గోడలో ఉంటాయి. కాబట్టి "ఆర్ఎక్స్ హెడ్డుకు పోర్టింగ్ చేయించినం" అని ఎవరైనా అంటే, ఆయనకు తాను అమ్ముతున్నది ఏమిటో తెలియదన్నమాట, లేదా మీకు తెలియదని ఆయన ధీమా. ఇక్కడ కొలవాల్సింది బోరును. ఒక తెల్లకాగితం చుట్టి బోరులోకి దూర్చి, గోడకు అతికేలా పట్టుకుని, పోర్టు అంచుల మీదుగా వేలితో రుద్దండి. జిడ్డు వేలైతే మరీ మంచిది. కాగితం తీసి పరిస్తే ఎగ్జాస్టు, ట్రాన్స్‌ఫర్ పోర్టుల పటం మీ చేతిలో ఉంటుంది. ఎవరూ ముట్టుకోని కంపెనీ బోరుది కూడా ఒక పటం తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. ఎగ్జాస్టు పోర్టు పైఅంచు ఎంత ఎత్తుకు జరిగింది? రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉందా, వంకరగా ఉందా? వెడల్పు ఎంత? 50 మిల్లీమీటర్ల బోరులో ఎగ్జాస్టు పోర్టు అడ్డంగా 35 మిల్లీమీటర్లు దాటిందంటే పిస్టన్ రింగు ఆ ఖాళీలోకి ఉబ్బి అంచుకు తగులుకునే ప్రమాదం ఉంది. రింగు విరిగితే బోరూ పిస్టనూ రెండూ పోతాయి. పైఅంచు ఎత్తు పెంచితే పొగ ముందే బయటపడుతుంది, ఆ మేరకు పిస్టన్ నొక్కే దూరం తగ్గుతుంది, కిందినుంచి లాగే బలం పోతుంది. దానికి సరిపడే సైలెన్సరు లేకపోతే మిగిలేది చప్పుడే. ఇంకొకటి, బోరును ప్రతిసారీ పావు మిల్లీమీటరు పెద్దది చేసి కొత్త పిస్టన్ వేస్తారు కదా, అలా చేసినప్పుడల్లా పోర్టు అంచుల నున్నదనం పోయి కత్తి అంచు వస్తుంది. వేలి గోరుతో తాకి చూడండి. గోరు గీరుకుంటే రింగూ గీరుకుంటుంది.

ఇక మిగిలిందంతా ఫోర్ స్ట్రోకు గురించి. పల్సరైనా, కరిజ్మా అయినా, బుల్లెట్ అయినా పరీక్ష ఒకటే. వరస మాత్రం ముఖ్యం. పోర్టు వంక చివర్న చూడాలి.

1. ధర కంటే ముందు "ఎందుకు విప్పారు?" అని అడగండి.

మంచి హెడ్డును నడుస్తున్న ఇంజను మీంచి ఎవరూ ఊరికే విప్పరు. బండి అమ్మేసి ఉండొచ్చు, పెద్ద ఇంజను ఎక్కించి ఉండొచ్చు, క్రాంకు పోయి ఇంజనంతా ముక్కలుగా అమ్ముతుండొచ్చు. ఇవి నమ్మదగిన కారణాలు. బేరం ఎలా సాగుతుందో ఊహించండి. "ఎందుకు ఇప్పిన్రు అన్నా?" "ఏం లేదు తమ్మీ, జర గరమైతుండె." ఆ "జర గరం" అనే మాటలోనే ముఖం వంగడం, సీటు దగ్గర పగులు, ప్యాకింగ్ కాలడం అన్నీ దాక్కుని ఉండొచ్చు. తర్వాత అడగాల్సింది: ఏ బండిది, ఏ మోడలు, దానితో పాటు ఏ క్యాము, ఏ కార్బురేటరు ఉండేవి, వాల్వులు కంపెనీ సైజేనా, ముఖం ఎన్నిసార్లు కోయించారు. జవాబులు అంకెల్లో వస్తే అది లెక్క తెలిసిన పని. "మస్తు పికప్ ఉండె" దగ్గరే ఆగితే మీ లెక్కలో సున్నా అలాగే ఉండనివ్వండి.

2. కడిగిన హెడ్డు చూడండి, పెయింటు కొట్టింది వద్దు.

నల్లటి మసి కింద పగుళ్లు కనబడవు. వెండి రంగు కొట్టినా కనబడవు. రెండింటిలో మసే నయం, అదైనా నిజాయతీగా ఉంటుంది. చూడాల్సిన చోట్లు రెండు: ఇన్‌లెట్ సీటుకూ ఎగ్జాస్టు సీటుకూ మధ్య సన్నగా ఉండే గట్టు, ప్లగ్గు బొక్క నుంచి ఎగ్జాస్టు సీటు వైపు పోయే భాగం. వేడి ఎక్కువగా తగిలేది అక్కడే, పోర్టింగులో గోడ పలచబడితే మొదట చీలేదీ అక్కడే. అనుమానం ఉంటే ఆ చోట కిరోసినో డీజిలో పూసి, కాసేపు ఆగి, బాగా తుడిచి, చాక్‌పీసు పొడి చల్లండి. పగులు ఉంటే లోపల ఇంకిన నూనె తెల్లపొడి మీద సన్నని గీతలా పైకి వస్తుంది. ప్లగ్గు మరల్లోకి మీ ప్లగ్గునే చేత్తో తిప్పి చూడండి. చివరిదాకా సాఫీగా పోవాలి. బుష్షు వేసి ఉంటే అదొక లోపమే అయినా ప్రాణాంతకం కాదు, గట్టిగా కూర్చుందా లేదా చూసి ధర తగ్గించుకోండి.

3. డీజిల్ పోసి పది నిమిషాలు కూర్చోండి.

ఈ అధ్యాయంలో మిగతాదంతా మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. వాల్వులు, స్ప్రింగులు బిగించి ఉన్న హెడ్డుకు ప్లగ్గు బిగించి, పెట్రోలు మండే గుంట, అంటే చాంబరు, పైకి ఉండేలా బల్ల మీద పెట్టండి. చాంబరు నిండా డీజిల్ పోయండి. పెట్రోలు వద్దు, పక్కన వెల్డింగు నిప్పురవ్వ ఎగిరినా చాలు. ఇప్పుడు టార్చి వేసి రెండు పోర్టుల్లోకీ చూస్తూ కూర్చోండి. అమ్మేవాడు చాయ్ తెప్పిస్తానంటే తెప్పించమనండి. పది నిమిషాలకు పోర్టు గోడలు పొడిగా ఉంటే సీటూ వాల్వూ గట్టిగా కలుస్తున్నట్టు. కొంచెం చెమ్మ పడితే వాల్వు పేస్టుతో రుద్దించి సరిచేయొచ్చు. రెండు నిమిషాల్లో ధార కట్టిందా, ఆ ఇంజనులో కాంప్రెషన్ నిలవదు, పోర్టు అద్దంలా ఉన్నా కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టాల్సిందే.

కారణం చెబుతాను. పోర్టింగ్ చేసే గ్రైండరు చేతిలోంచి ఒక్క క్షణం జారితే మొదట తగిలేది సీటుకే. సన్నని గాటు చాలు, ఎగ్జాస్టు వాల్వు అక్కడ కాలిపోవడం మొదలవుతుంది. ఆ గాటు దాచడానికి సీటును ఇంకాస్త లోతుగా కోస్తారు. కోసిన కొద్దీ వాల్వు లోపలికి కుంగుతుంది, కాడ రెండో వైపు పైకి పొడుచుకొస్తుంది, స్ప్రింగు వదులవుతుంది, ట్యాపెట్ సెట్టింగు చివరికొస్తుంది. స్ప్రింగు విప్పనిస్తే వాల్వు బయటికి తీసి చూడండి. సీటు మీద బూడిదరంగు పట్టీ చుట్టూ ఒకే వెడల్పుతో, సుమారు ఒక మిల్లీమీటరు ఉండాలి. ఒక పక్క సన్నగా, ఒక పక్క రెండు మిల్లీమీటర్లుగా ఉంటే వాల్వు కాడ ఆడే గైడు వంకరగా అరిగిందని. వాల్వును సీటు మీంచి ఒక సెంటీమీటరు ఎత్తి పక్కలకు ఊపండి. ఉండాల్సిన సందు మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది, టకటకమని చేతికి తెలిసిందంటే గైడు పోయినట్టే. దాని మీద ఎంత మంచి సీటు కోసినా నెల తిరక్కుండా పాడవుతుంది, తెల్లారి స్టార్టు చేయగానే నీలిపొగ వస్తుంది.

4. అడుగు ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టండి.

నేరుగా ఉండే గట్టి స్కేలు అంచును ముఖం మీద నిలువుగా, అడ్డంగా, రెండు మూలలకూ పెట్టి, కింద ఫీలర్ గేజీ దూరుతుందేమో చూడండి. 0.05 మిల్లీమీటరు రేకు దూరితే ఫేసింగ్, అంటే ముఖాన్ని చదునుగా కోయించడం, అవసరం అనుకోవచ్చు. ఫేసింగ్ కొత్తగా చేసి ఉంటే ఇంకో ప్రశ్న మొదలవుతుంది: ఎంత తీశారు? ఇంజెక్షన్ సిరంజి, మధ్యలో బొక్క పెట్టిన ఒక ప్లాస్టిక్ పలక, కొంచెం గ్రీజు ఉంటే చాంబరులో ఎన్ని సీసీలు పడుతుందో కొలవొచ్చు. ఉదాహరణకు 150 సీసీ ఇంజనులో పిస్టన్ పైకి వచ్చినప్పుడు పైన మిగిలే చోటు ప్యాకింగ్ మందంతో కలిపి 17 సీసీ అయితే కాంప్రెషన్ నిష్పత్తి సుమారు 9.8. కోసి కోసి అది 15 సీసీకి దిగితే నిష్పత్తి 11కు ఎక్కుతుంది. పోయింది రెండే సీసీలు, కానీ ఎండాకాలంలో బరువుతో గట్టు ఎక్కుతుంటే ఇంజను టకటక కొట్టడానికి అంత చాలు. అలాంటి హెడ్డు కింద కొందరు రెండు ప్యాకింగులు వేసి సర్దుతారు. అమ్మే హెడ్డుతో పాటు రెండు ప్యాకింగులు ఉచితంగా ఇస్తున్నారంటే అది ఔదార్యమనుకోకండి. క్యాము హెడ్డులోనే ఉండే ఇంజన్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. హెడ్డు కిందికి దిగితే చైను వదులై వాల్వులు తెరుచుకునే సమయమే జరుగుతుంది, వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య సందు తగ్గుతుంది. పుష్‌రాడ్లున్న పాత బుల్లెట్లకు ఆ చైను గొడవ లేదు, రాడ్ల సర్దుబాటు చూసుకుంటే సరిపోతుంది.

5. ఇప్పుడు పోర్టులోకి చూడండి, కానీ వేలితో.

కళ్లు మెరుపుకు మోసపోతాయి, వేలు పోదు. చూపుడు వేలు లోపలికి పోనిచ్చి, పోర్టు వాల్వు వైపు తిరిగే లోపలి వంపును తడమండి. గాలికి అన్నిటికంటే కష్టమైన మలుపు అదే, అది గుండ్రంగా నున్నగా ఉండాలి. తెలియని చేయి అక్కడ ఎక్కువ తీసేసి మలుపును పదునైన గట్టుగా మారుస్తుంది. ఆ గట్టు దగ్గర గాలి గోడను వదిలేసి సుడి తిరుగుతుంది, పోర్టు ఎంత పెద్దదైనా పారేది తగ్గుతుంది. గైడు చివరను పోర్టు గోడ దాకా కోసేశారా అనేది కూడా చూడండి. దారి ఖాళీగా కనబడుతుంది గానీ వాల్వు కాడకు ఆసరా తగ్గుతుంది, గైడు తొందరగా అరుగుతుంది. ఇక అద్దపు మెరుపు సంగతి. ఎగ్జాస్టులో అది మంచిదే, మసి తక్కువ పడుతుంది. కార్బురేటరు బండి ఇన్‌లెట్లో మాత్రం కొంచెం గరుకే మేలు. నున్నటి గోడ మీద పెట్రోలు తడిగా అంటుకుని చారలుగా జారుతుంది, గరుకు మీద చెదిరి గాలిలో కలుస్తుంది. ఫొటోలో మిమ్మల్ని లాగిన ఆ తళతళ ఆ పని చేసినవాడికి ఇన్‌లెట్టుకూ ఎగ్జాస్టుకూ తేడా తెలియదని చెప్పే సాక్ష్యం కూడా కావచ్చు.

6. అప్పుడే ధర.

మామూలు పాత హెడ్డు 3,000కు దొరుకుతుందనుకోండి. మీరు చూసినదానికి గైడ్లు, సీట్లు, ఫేసింగ్ కలిపి లేత్ పనికి 1,800 అవుతుందని మీ మెకానిక్ అన్నాడు. అంటే దాని విలువ 1,200. అమ్మేవాడు 6,000 అంటున్నాడు. మధ్యలో ఉన్న 4,800 దేనికి? మీరు కొలవని, మీ ఇంజనుకు కోయని ఒక దారికి. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవే, మీ బండికి మీవి వేసుకోండి. అడిగిన ధరా రిపేరు ఖర్చూ కలిపి కొత్త హెడ్డు ధరలో మూడింట రెండు వంతులు దాటితే కొత్తదే కొనండి.

ఇక్కడ కొన్ని అభ్యంతరాలు రాక మానవు. మొదటిది బలమైనదే: "ఆయన బండి మీద ఎక్కి చూసిన, మస్తు లాగింది." లాగే ఉంటుంది, కాదనను. కానీ మీరు నడిపింది హెడ్డునా, బండినా? ఆ బండికి పెద్ద కార్బురేటరు, తెరిచిన సైలెన్సరు, మార్చిన చైను చక్రాలు ఉన్నాయేమో. వెనక చక్రం పళ్లు రెండు పెంచితే చాలు, ఏ పోర్టింగూ లేకుండానే పికప్ పెరిగినట్టు ఉంటుంది. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు చెవులు నమ్ముతాయి. ఆ లాగుడు హెడ్డుదేనని తేలాలంటే అదే బండికి కంపెనీ హెడ్డు పెట్టి మళ్లీ నడపాలి, అంత పని ఎవరూ చేయరు. పోర్టులో గాలి ఎంత పారుతుందో కొలిచే ఫ్లో బెంచి కాగితం చూపిస్తే అది మంచి సాక్ష్యం. అయినా ఒక బెంచి అంకెను ఇంకో బెంచి అంకెతో పోల్చడం కుదరదు. అదే బెంచి మీద, అదే ఒత్తిడిలో, కోయకముందు ఎంత, కోశాక ఎంత అని రెండు వరసలు ఉండాలి. వాల్వు కొద్దిగా తెరిచినప్పటి అంకెలు కూడా ఉండాలి, ఎందుకంటే వాల్వు పూర్తిగా తెరిచి ఉండేది కాసేపే.

రెండో అభ్యంతరం: "ఏమున్నా మా లేత్ అన్న సరిచేస్తడు." సరిచేయగలిగినవి ఉన్నాయి: గైడు, సీటు, ముఖం, మరలు. అందుకే వాటిని ధరలోంచి తీసేయమన్నది. సరిచేయలేనివి కూడా ఉన్నాయి: అతిగా తీసిన పోర్టు, పలచబడిన గోడ, సీట్ల మధ్య పగులు. మొదటి జాబితాలో ఎన్ని లోపాలున్నా బేరం ఆడొచ్చు. రెండో జాబితాలో ఒక్కటి ఉన్నా ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు, దాని మీద పెట్టే లేత్ ఖర్చు నీళ్లపాలే.

మూడోది: "కొత్తది దొరకదు, పాతదే దిక్కు." ఆర్ఎక్స్ లాంటి తయారీ ఆగిన బండ్ల విషయంలో ఇది న్యాయమైన మాట. అసలు కంపెనీ సామానుకు గిరాకీ అందుకే ఉంది. అయితే ఈ వాదన నా సూత్రాన్నే బలపరుస్తుంది. దొరకని వస్తువు విలువ అది చెక్కుచెదరకుండా ఉండటంలో ఉంటుంది. ఎవరూ చేయి పెట్టని కంపెనీ బోరుకు ఎక్కువ ఇవ్వండి, సబబే. గ్రైండరు తిరిగిన బోరు ఆ అరుదైనతనాన్ని పోగొట్టుకున్న బోరు, దానికి తక్కువ ఇవ్వాలి.

మరి పోర్టింగే వద్దా? అలా అనడం లేదు. మీ సొంత ఇంజనుకు, మీ కార్బురేటరు చూసి, మెట్లూ గడ్డలూ తీసి, మానిఫోల్డు కలిపి, సీట్లు సరిగ్గా కోయించుకోవడం మంచి పని. దానికి మంచి పనివాడికి ఇచ్చే కూలి దండగ కాదు. అదే డబ్బు ఎవరికో చేసిన పనికి, ఎవరో వాడి వదిలేసిన పనికి ఇవ్వడమే దండగ. రోడ్డు మీద నడిపేవాళ్లు చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182-ఏ కింద అలాంటి మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత సామాను ఏది కొన్నా అమ్మినవాడి పేరు, ఫోను నంబరు, తేదీ ఉన్న చీటీ రాయించుకోండి. అది దొంగ బండి విప్పిన సామానని రేపు తేలితే మీ చేతిలో ఉండేది ఆ చీటీ ఒక్కటే.

బేరానికి పోయేటప్పుడు సంచిలో ఇవి పెట్టుకోండి: స్టీలు స్కేలు, ఫీలర్ గేజీ, పది మిల్లీలీటర్ల సిరంజి, చిన్న టార్చి, రెండు చాక్‌పీసులు, మీ బండి ప్లగ్గు, పావు లీటరు డీజిల్. పది నిమిషాలు డీజిల్ పోయనివ్వను అన్నవాడి దగ్గర హెడ్డు కొనకండి, చాయ్ తాగి బస్సెక్కండి.